బావిలో ఎండ

ఆదివారం యువరాజ్ ఏ సీసా తెరిచాడో తెలుసుకోవడానికి నాగవేణి తలెత్తి చూడాల్సిన పనే లేదు. చేలో కలుపు తీస్తుంటే వీపు మీద పడే ఎండే చెప్పేసేది. లేత ఎండ కాసి కాస్త గాలి వీచిందంటే తెల్ల వైను. వీపు చురుక్కుమని, కాళ్ల కింద మట్టి గడ్డలు కాలాయంటే ఎర్రది, అదీ మంచి ఏడాదిది. ద్రాక్ష పండిన ఏడు ఫ్రాన్సులోని బోర్డో సీమలో ఎట్లాంటి ఎండావానలు ఉన్నాయో, మూత ఊడగానే అవే వచ్చి తంబళ్లపల్లె చుట్టుపక్కల చేల మీద దిగేవి. బస్సులో జనం చెమట తుడుచుకుంటూ, ఈ వారం బోర్డో తెరిచినట్టుండాడే అనుకుని టికెట్టు తీసుకునేవాళ్లు.

యువరాజ్‌కి మదనపల్లె టమాటా మార్కెట్లో మండీ ఉంది. నాగవేణి చేను పక్క భూమి కొన్నప్పుడు అందులోని పాత రాతి బావి కూడా అతనికే వచ్చింది. ఊరంతా బోర్లు పడ్డాక ఎండిపోయిన బావి అది. అడుగున చల్లగా ఉంటుందని దాని మీద రేకుల కప్పు వేయించి, మెట్ల వెంబడి ఇనుప అరలు దించి, వాటిలో సీసాలను పడుకోబెట్టాడు. నిలబెడితే బిరడా ఎండి గాలి దూరుతుందట. కన్నబిడ్డల్ని కూడా ఎవరూ అంత ఒద్దికగా పడుకోబెట్టరు.

చిక్కల్లా ఒక్కటే. తాగడం తెలిసినవాళ్ల నాలుకకి వానల్లేని ఏడాదే రుచి. రెండువేల అయిదు ఎర్ర బోర్డో అంటే యువరాజ్ ప్రాణం పెడతాడు, ఆ ఏడు అక్కడ చుక్క పడలేదని. రెండువేల పదమూడువి కూడా కొన్ని ఉన్నాయి, బెంగళూరులో వేరే వాటితో పాటు అంటగట్టినవి. ఆ ఏడంతా వానలే, వైను నీళ్ల నీళ్లగా ఉంటుంది. వాటిని తెరిస్తే వాన పడి బావిలోకి నీళ్లొస్తాయి, పారేస్తే పగిలి అదే గతి. అందుకని గోనె సంచులు కప్పి బావి అడుగున దాచేశాడు.

ఒక ఏడు నాగవేణి వేరుశనగ ఊడలు నేలలోకి దిగే వేళకి మట్టి రాయిలా బిగుసుకుపోయింది. ఒక్క పదును వాన పడితే కాయ, పడకపోతే పశువుల మేత. ఆమె మొగుడు నరసింహప్ప గట్టిగా మాట్లాడడం కూడా రాని మనిషి. తువ్వాలు చేతబట్టుకుని వెళ్లి, గోనె సంచుల కింద ఉన్నవాటిలో ఒక్కటి తియ్యమని బతిమాలాడు. యువరాజ్ పార కర్ర తీసుకుని కొట్టాడు. కింద పడ్డాక కూడా, చెయ్యి విరిగిన చప్పుడు వినబడేదాకా కొట్టాడు. మదనపల్లె ఆసుపత్రిలో కట్టు కట్టించి బస్సులో తీసుకొచ్చింది నాగవేణి.

మరుసటి ఆదివారం బెంగళూరు స్నేహితులొచ్చారు. బావి గట్టు మీద మేజా వేసి రెండువేల అయిదు తెరిచారు. ఎండ పెళపెళలాడింది, వేరుశనగ ఆకులు ముడుచుకుపోయాయి. యువరాజ్ గ్లాసు తిప్పాడు, ముక్కు పెట్టి వాసన చూశాడు, పుక్కిట పట్టాడు, పక్కనున్న ఇత్తడి గిన్నెలోకి ఉమ్మేశాడు. స్నేహితులూ వరసగా ఉమ్మారు. రుచి చూసే పద్ధతే అంతట.

నాగవేణి గడ్డపార పట్టుకుని గట్టెక్కింది.

"నోట్లో తిప్పి ఉమ్మేదానికా మా చేను ఎండేది?" అని అడిగింది.

సమాధానం కోసం ఆగలేదు. గడ్డపార దెబ్బకి మేజా విరిగి పడింది. స్నేహితులు చెప్పులొదిలేసి కారెక్కారు. ఆమె మెట్లు దిగుతుంటే యువరాజ్ వెనకే దూకి జడ పట్టుకుని ముఖాన్ని రాతికేసి కొట్టాడు. పన్ను ఊడి నోరంతా రక్తమైంది. ఆమె వెనక్కి తిరక్కుండానే గడ్డపార విసిరేసరికి అతని మోకాలు పగిలింది. కిందికి దొర్లుతూ అతను పట్టుకున్న, ఒక్క సీసానే మిగిలిన ఇనుప అర అతని తొడల మీదే కూలింది. నాగవేణి గోనె సంచులు లాగేసి కింది సీసాల్ని కొట్టింది. ఒక్క సీసాతో సరిపోయేది. కసి తీరక అన్నీ కొట్టింది.

ఒక ఏడాది వాన ఒక్క మధ్యాహ్నం పడింది. రేకులు ఎగిరిపోయాయి. పొలాల మీది నీళ్లన్నీ వాలుకి బావిలోకే దూకాయి. యువరాజ్ నడుం దాకా మునిగాడు. నాగవేణి గడ్డపార ఆనించి అరను లేపబోయింది, కదల్లేదు. అతని గుండెకి హత్తుకుని ఆ అరలోని రెండువేల అయిదు సీసా ఉంది.

"దాన్ని పగలగొట్టప్పా. ఎండొస్తాది. వాన నిలిస్తే నలుగుర్ని పిల్సకొస్తా."

"ఇది ఒగటే మిగిలుండాది," అన్నాడు యువరాజ్.

ఆమె లాక్కోబోతే మోచేత్తో మొహం మీద పొడిచి, అందకుండా అటు తిరిగాడు. నీళ్లు అతని గొంతు దాకా వచ్చాయి. సీసాను తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. ఇంకొక్కసారి అడగొచ్చు. నాగవేణి అడగలేదు. ఒక మెట్టు పైకెక్కింది, నీళ్లతో పాటు ఇంకో మెట్టు.

వరదకి పోయాడని పోలీసులు రాసుకున్నారు. శవాన్ని పైకి తీసినప్పుడు కూడా చేతిలో సీసా అట్లాగే ఉంది. నాగవేణి దాన్ని తీసుకుని కొంగులో చుట్టుకుంది. వద్దని ఎవరూ అనలేదు.

చేను కాసింది. తీరా చెట్లు పీకి కల్లంలో పోశాక ముసురు పట్టుకుంది. కాయ మొలకెత్తేట్టు ఉంది. నాగవేణి అటక మీది సీసా దించి, బావి గట్టు రాయికేసి మెడ విరగ్గొట్టింది. మబ్బు విడిపోయి ఎండ కాసింది. పెంకులో మిగిలిన గుక్కెడు నోట్లో పోసుకుంది.

"ఎట్లుండాది?" అన్నాడు నరసింహప్ప, వంకరగా అతుక్కున్న చెయ్యి నిమురుకుంటూ.

వగరుగా ఉంది, పన్ను ఊడిన చోట మంటగా ఉంది. ఆమె ఉమ్మలేదు. మింగేసి, కాయ తిరగేయడానికి కల్లంలోకి వెళ్లింది.