చేతులు ఆగిన చోటు

సంపాదకుడి ఫోను వచ్చేసరికి రాజశ్రీ పోపు వేస్తోంది. పొయ్యి కట్టేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని విన్నది. ఉగాది ప్రత్యేక సంచికకు ఆమె కథ తీసుకున్నారట. వినపడనట్టు నటించి, ఆ మాట ఆయన చేత ఇంకోసారి చెప్పించుకుంది.

"ఒక్క చిన్న మార్పమ్మా," అన్నాడాయన. "ముగింపు మరీ కఠినంగా ఉంది. పండగ సంచిక కదా. ఆవిడ మరిదిని క్షమించినట్టు రాసి పంపండి. సాయంత్రం ఆరు దాటితే పేజీలు ప్రెస్సుకు వెళ్ళిపోతాయి."

పదహారేళ్ళుగా రాజశ్రీ ఆ వారపత్రికకు కథలు పంపుతోంది. మూడు అచ్చయ్యాయి, అవీ మామూలు వారాల్లో. ప్రత్యేక సంచికలో పేరు పడాలన్నది ఎవరికీ చెప్పుకోని కోరిక.

కథ పెద్దదేం కాదు. భర్త పోయిన ఒకామె రాయపూర్‌లో రైలు వేగన్లు బాగుచేసే షాపులో అతని ఉద్యోగంలో చేరుతుంది. ఆ ఉద్యోగం తనకే దక్కాలని ఆమె మీద అర్జీలు పెట్టిన మరిది, మూడేళ్ళు గడిచాక మిఠాయి పెట్టె పట్టుకుని వస్తాడు. ఆమె మంచినీళ్ళిస్తుంది. గడియారం చూస్తుంది. అతన్ని వరండాలోనే ఉంచి, ఇంటికి తాళం వేసి, డ్యూటీకి వెళ్ళిపోతుంది.

భోజనానికి వచ్చిన భర్త కొండలరావు సంగతి విని పళ్ళెం ముందు కూర్చోవడం కూడా మరిచిపోయాడు.

"అరే, ఆఖరి పది లైన్లే కదా! బదల్ చేసి పడెయ్. ఉగాది నంబరంటే మజాకా? మా సాబ్ ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తా."

"మీ సాబుకి తెలుగు రాదు కదండీ."

"ఫొటో వేస్తారు కదా!"

భర్త వెళ్ళాక ఆమె కొత్త ముగింపు రాసింది. మరిది కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, వదిన తలుపు బార్లా తీసింది, ఇద్దరూ పోయినవాడి ఫొటో ముందు నిలబడ్డారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మొదటి ముగింపుకి పదకొండు రోజులు పట్టింది.

ముగింపులు రాయడం ఆమెకు ఈ రాయపూర్‌లోనే అబ్బింది. విజయనగరంలో బి.ఏ. చదివే రోజుల్లో అద్దె పుస్తకాల దుకాణమంతా చదివేసిన పిల్ల, పెళ్ళై ఈ రైల్వే కాలనీకి వస్తే తెలుగు అక్షరం కంటపడేది కాదు. విశాఖ బండిలో వచ్చే గార్డు వెంకటరత్నం వారపత్రిక తెచ్చేవాడు. ముందు ఆయన ఇంట్లో చదివేవారు, తర్వాత కాలనీకి వచ్చేది. మధ్యాహ్నాలు ఆడవాళ్ళు చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తుంటే, రాజశ్రీ పైకి చదివేది. వాళ్ళలో చాలామందికి చదువు రాదు, కొందరికి హిందీ తప్ప చదవడం రాదు.

ఒకసారి కథ చివరి పేజీ లేదు. గార్డుగారి పిల్లలు చించి పడవ చేసుకున్నారట. "ఇక్కడితో అయిపోయింది" అంటే ఎవరూ ఊరుకునేలా లేరు. రాజశ్రీ గొంతు మార్చకుండా, ఖాళీ అట్ట వైపు చూస్తూ, తోచిన ముగింపు చదివేసింది. పిక్కలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ వెళ్ళాక అత్తగారు అప్పలనరసమ్మ గిన్నె ఎత్తుకుంటూ అంది: "ఆ కొస నువ్వు కట్టిందే కదేటి? పుస్తకంలోది ఇన్నప్పుడు మా సేతులు ఆగవే."

అప్పట్నుంచీ అదే ఆమెకు కొలత. చేతులు ఆగని కథ పోస్టులో పడదు. రెండేసిసార్లు, మూడేసిసార్లు తిరగరాసినవి ఉన్నాయి, చించేసినవీ ఉన్నాయి.

ఇవాళ మూడింటికి అత్తగారు, ఎదురింటి చిన్నమ్మ, పక్క క్వార్టరు మాలతి వరండాలో కూర్చున్నారు. మాలతి ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. బస్తరు నుంచి కొత్త చింతపండు వచ్చింది. రెండు ముగింపుల సంగతి చెప్పకుండా రాజశ్రీ ముందు కొత్త ముగింపుతో చదివింది.

చిన్నమ్మ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "బాగుందమ్మా, శానా బాగుంది."

రాజశ్రీ చూస్తున్నది ఆమె కళ్ళను కాదు. మోచేత్తో తుడుచుకుంటున్నప్పుడు కూడా వేళ్ళు పిక్క లాగుతూనే ఉన్నాయి.

"ఇంకోలాగా ఉంది, వినండి," అని పాత ముగింపు చదివింది. ఆమె మంచినీళ్ళిచ్చే దగ్గర మాలతి చెయ్యి ఆగింది. గడియారం దగ్గర అత్తగారిది. తాళం పడేసరికి చిన్నమ్మ చేతిలోని చింతపండు జారి ఒళ్ళో పడింది.

"అదేటే! ఇంటికొచ్చిన మనిసిని గుమ్మంలో నిలబెట్టీసి తాళమెట్టీసిందా?"

"బిల్‌కుల్ సహీ చేసింది పిన్నీ," అంది మాలతి. "అర్జీలు పెట్టినప్పుడు యాద్ రాలేదా, వదిన అని?"

"ఎంతైనా మరిది గదే."

"నీల్లిచ్చిందా, నేదా?" అత్తగారు అందుకుంది. "ఇంకేటి కావాల ఆడికి? హారతియ్యాలా? డూటీకి లేటైతే ఆడొస్తాడా సాబుకి సమాదానం సెప్పడానికి?"

టీ తాగేదాకా ఆ తగువు తెగలేదు. రాజశ్రీ టీ గ్లాసులు ఎత్తింది. లోపలికి వెళ్ళి మెయిలు రాసింది. 'ముగింపు మార్చలేనండీ. ఉన్నదున్నట్టు వేయగలిగితే సంతోషం. లేకపోతే కథ నా దగ్గరే ఉండనివ్వండి.' ఒక కామా సరిచేసి, ఐదున్నరకి పంపింది.

ఆరు కాకుండానే జవాబు వచ్చింది. 'అయితే ఈసారికి కుదరదమ్మా. ఇంకో కథ ఉంటే పంపండి.'

ఆ జవాబును ఇంకోసారి చదివింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. తర్వాత ఇరవై నిమిషాల్లో రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న వంటింటి బల్ల కాలి కింద దూర్చింది. బల్ల కుదురుగా నిలబడింది.

కొండలరావు ఇంటికొచ్చేసరికి వరండాలోంచి తల్లి గొంతు వీధి చివరికి వినిపిస్తోంది. కోడలి దగ్గర విన్నది, దారిన పోయే జోగయ్యను ఆపి మరీ చెబుతోంది.

"మా కోడలి కత ఆళ్ళు ఎయ్యనన్నారు! మారిస్తే ఏస్తామన్నారంట. ఇది మార్సనంది!"

"అమ్మా, అదేమైనా చాటుకునే మాటా?"

"మరి కాదేట్రా? నీ సాబుకి ఎప్పుడైనా నువ్వు అలగ సెప్పినావా?"

కొండలరావు చెప్పులు విప్పుకుని మెల్లగా లోపలికొచ్చాడు. భార్య ముఖం చూసి, "టీ నేను పెడతాలే," అన్నాడు.

ఎదురింటి గేటు దగ్గర నిలబడి చిన్నమ్మ కేకేసింది. ఆవిడ తగువు ఇంకా తీరలేదు.

"ఓ రాజశ్రీ! పోనీ ఆ పూట ఆడెక్కడ తిన్నాడో అదైనా రాయవే! పాపం, తాళమేసిన ఇంటి కాడ ఒక్కడూ..."

"రాయను పిన్నీ," అంది రాజశ్రీ కిటికీలోంచి. కొత్త కాగితం తీసి, కుదురుగా ఉన్న బల్ల మీద పరుచుకుంది.