నీలం చోట పసుపు

మా తోడల్లుడంటే నాకు పడదు. ఈ మాట మా ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా అనలేదు. ఆవిడ దగ్గర మాత్రం రోజూ అంటాను. ఆవిడ వింటుంది, "మీ కడుపుమంటకి మందు లేదండీ" అంటుంది, లేచి తన పని తాను చూసుకుంటుంది. వాడు ఆవిడ చెల్లెలి మొగుడు. మనిషి బాగుంటాడు, నవ్వుతూ మాట్లాడతాడు, ఎదుటివాళ్ళ చేతిలో బరువు కనిపిస్తే అడక్కుండానే అందుకుంటాడు. ఇందులో తప్పేముందని మీరడగొచ్చు. తప్పేమీ లేదు. నా ఏడుపంతా అదే.

వాణ్ణి ఈ ఉద్యోగంలో పెట్టించింది నేనే. మొబైల్ టవర్ల దగ్గర బేస్ స్టేషన్ సామాను చూసే టెక్నీషియన్ని నేను. మా అత్తగారు "చిన్నబాబుకి కూడా మీ దగ్గరే ఏదైనా చూడండి బాబూ" అంటే కాదనలేక తీసుకొచ్చాను. ఏకులా వచ్చినవాడు మేకై కూర్చున్నాడు.

పని కూడా నేనే నేర్పాను. మొదటిరోజు టవర్ కింద గది తాళం తీసి, ఏసీ చప్పుడులో గొంతు పెంచి మరీ చెప్పాను.

"పైన పొడుగాటి తెల్ల పెట్టెలు మూడున్నాయి చూశావా, అవి యాంటెన్నాలు. ఒక్కోటి ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటుంది. ఈ బీరువాలో ఉన్న మూడూ రేడియోలు. ఒక్కో రేడియోకి ఒక్కో యాంటెన్నా. ఫోన్లో మనం మాట్లాడింది గాల్లో యాంటెన్నాకి చేరుతుంది, అక్కణ్ణించి ఈ లావు కేబుల్లో కిందికి దిగి రేడియోకి వస్తుంది, రేడియో నుంచి ఇదిగో ఈ మెదడు పెట్టెకి, దాన్నుంచి ఫైబర్ మీద ఎక్స్ఛేంజికి. కరెంటు పోతే ఈ బ్యాటరీలు మోస్తాయి. అర్థమైందా?"

"అర్థమైంది అన్నయ్యా. మరి మనిషి మాట్లాడుతూ నడిచి వెళ్ళిపోతుంటే?"

మొదటిరోజే ఆ ప్రశ్న అడిగాడు. నాకది తట్టడానికి చాలాకాలం పట్టింది. అప్పుడే వాడి మీద చిన్న మంట మొదలైందేమో, చెప్పలేను.

"నడిచేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది కదా. అప్పుడు ఆ కాల్‌ని ముందున్న స్టేషన్ చేతిలో పెట్టాలి. ఎవరి చేతిలో పెట్టాలో ఒక్కో దిక్కుకి ముందే చెప్పి ఉంచుతాం. ఇటు వైపు ఇరుగుపొరుగు వేరు, అటు వైపు ఇరుగుపొరుగు వేరు. కేబుళ్ళు అటుదిటు ఇటుదటు అయ్యాయనుకో, ఇటు నడిచేవాణ్ణి అటు పొరుగుకి అప్పగించాలని చూస్తుంది. అక్కడ వాడుండడు. కాల్ కట్. అందుకే ఈ రంగు టేపులు. ఎరుపు, పసుపు, నీలం. పైన ఏ రంగో కింద అదే రంగు. పైన ఏ మార్పు చేసినా టవర్ దిగకముందే సీనియర్‌కి అంటే నాకు ఫోన్ చేసి చెప్పాలి. సీనియర్ సరేననకుండా టేపు రంగు ముట్టుకోకూడదు."

వాడు నేర్చుకున్నాడు. నాకంటే త్వరగా నేర్చుకున్నాడు. నా మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాక, నేను చూసే టవర్లు ఒక్కొక్కటే వాడి చేతికి వెళ్ళాయి. చివరికి మా అత్తగారి వీధికి సిగ్నలిచ్చే టవర్ కూడా వెళ్ళింది. దాని నీలం దిక్కు సరిగ్గా ఆవిడ బాల్కనీ వైపే ఉంటుంది. వాడు అక్కడ పాత యాంటెన్నాలు తీసి కొత్తవి బిగించాడు. అంతే, ఆవిడకి నోరు మూతపడలేదు.

"చిన్నబాబు బిగించాక ఫోన్ ఎంత బాగా వినబడుతుందో బాబూ! మీరు చూసే రోజుల్లో బాల్కనీలోకి వెళ్ళి అరవాల్సొచ్చేది."

యాంటెన్నాలు కొత్తవి కాబట్టి బాగా వినబడుతోందని ఆవిడకి చెప్పి ఏం లాభం?

ఆ యాంటెన్నాలు మార్చిన రోజు వాడు టవర్ మీదనుంచి నాకు ఫోన్ మీద ఫోన్ చేశాడు. నేనెత్తలేదు. మా ఇన్‌ఛార్జి రిటైరవుతున్నాడు, ఆ కుర్చీకి మా ఇద్దరి పేర్లే నడుస్తున్నాయి. కుర్చీ కావాలనుకునేవాడు తన తిప్పలు తనే పడాలి కదా అనుకున్నాను. ఆ తర్వాత అత్తగారింట్లో కలిసినప్పుడు "అన్నయ్యా, ఆ టవర్ సంగతొకటి మీతో" అని మొదలుపెట్టాడు. నేను టీవీ చప్పుడు పెంచాను.

ఆ కుర్చీ నాకెందుకంత ముఖ్యమో చెబుతాను. మోకాళ్ళు పోయిన టవర్ మనిషికి బల్ల దగ్గర కూర్చునే పని అదొక్కటే. అది వాడికి దక్కితే రేపటినుంచి నేను వాడికి జవాబు చెప్పుకోవాలి. అత్తగారింట్లో ఎలాగూ రెండో కుర్చీయే నాది. ఆఫీసులోనూ రెండో కుర్చీయేనా?

అందుకని ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఆ టవర్ గదికి వెళ్ళాను. ఏ ఫిర్యాదూ లేదు. కంట్రోల్ రూమ్ నుంచి అలారమూ లేదు. తప్పు దొరక్కపోతుందా అని వెళ్ళాను, అంతే. బీరువా తెరిచి టార్చి వేశాను. రెండో రేడియోలో పసుపు టేపు కేబుల్ ఉండాలి. నీలముంది. మూడోదాంట్లో నీలముండాలి. పసుపుంది.

ఒళ్ళు పులకరించింది. అబద్ధమెందుకు, నా పెళ్ళినాడు కూడా అంత ఆనందపడలేదు. వేలు కూడా పెట్టకుండా తలుపు మూసి తాళం వేసి, మేనేజర్‌కి ఫోన్ చేశాను. "సార్, ఇది నేను చెప్పడం బాగుండదు. మీరే ఒకసారి వచ్చి చూడండి."

మర్నాడు పొద్దున మేనేజర్ వచ్చాడు. తోడల్లుణ్ణి కూడా పిలిపించాడు. ముగ్గురం ఆ ఇరుకు గదిలో నిలబడ్డాం. నేను టార్చి వేసి చూపించాను. మేనేజర్ మొహం చిట్లించాడు.

"అన్నయ్యా, అది కదపకండి. నేను చెప్తాను, ఒక్క నిమిషం" అన్నాడు వాడు.

"చెప్పడానికేముంది తమ్ముడూ, కళ్ళకి కనిపిస్తూనే ఉంది" అన్నాను. తమ్ముడూ అన్న మాటని ఎంత తియ్యగా అన్నానో నాకే తెలుసు.

"సార్, పైన..." అని వాడు మళ్ళీ మొదలుపెట్టాడు.

"ముందు సరిచెయ్యనివ్వు. తర్వాత మాట్లాడు" అన్నాడు మేనేజర్.

ఆ రెండు రేడియోలూ ఆపాను. స్పానర్‌తో రెండు కేబుళ్ళూ విప్పి, పసుపు పసుపులో, నీలం నీలంలో బిగించాను. రేడియోలు మళ్ళీ వేశాను. పచ్చలైట్లు వరసగా వెలిగాయి. స్పానర్ తుడుచుకుంటూ మేనేజర్ వైపు చూశాను. నాకు తెలిసి అంత గొప్పగా స్పానర్ తుడిచినవాడు ఇంకొకడుండడు.

ఆ గొప్ప ఎంతోసేపు లేదు. ముందు కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్. రెండు వైపులా వీధుల్లో కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయట, ఏం కదిపారని అడిగారు. మేనేజర్ సమాధానం వెతుక్కుంటుంటే తోడల్లుడి ఫోన్ మోగింది. మా అత్తగారు. బజారుకి బయల్దేరి నడుస్తూ మాట్లాడుతోంది. స్పీకర్‌లో వినబడింది.

"చిన్నబాబూ, ఏమైంది మీ టవ..."

తెగింది. మళ్ళీ మోగింది. "పెద్దబాబుకి గానీ ఇచ్చేశావా ఏంటి ఆ..."

మళ్ళీ తెగింది. మేనేజర్ గోడ వైపు తిరిగి దగ్గాడు.

అప్పుడు వాడు మెల్లగా చెప్పాడు. కొత్త యాంటెన్నాలు పాతవాటికంటే పొడుగు. పసుపు కేబుల్ దాని యాంటెన్నాకి అందాలంటే మెడ విరిచినట్టు వంచాలి. అంత లావు కేబుల్‌ని అలా వంచితే లోపల దెబ్బతింటుంది. అందుకని పైన పసుపుని నీలం యాంటెన్నాకి, నీలాన్ని పసుపు యాంటెన్నాకి బిగించి, కిందికొచ్చి బీరువాలో కూడా రెండిటినీ అటూ ఇటూ మార్చాడు. పైనా మార్చి కిందా మార్చాడు కాబట్టి ఏ రేడియోకి చేరాల్సిన మాట ఆ రేడియోకే చేరింది. టేపుల రంగే తప్పు, పని కాదు. నేను కింద ఒక్కచోటే మార్చి దాన్ని చెడగొట్టాను.

కేబుళ్ళు తారుమారై ఉంటే ఇన్నాళ్ళూ ఆ వీధుల్లో ఫోన్లెలా పనిచేశాయి? నిన్న చేరిన కుర్రాడైనా అడిగే ప్రశ్న అది. నాకు తట్టలేదు. అసూయ కళ్ళకి అడ్డం పడిందని ఊరికే అనరు.

కేబుళ్ళు మళ్ళీ మార్చాను. ఈసారి వాడే టార్చి పట్టుకున్నాడు. కంట్రోల్ రూమ్ శాంతించింది. మేనేజర్ మాత్రం శాంతించలేదు.

"పనితనం సంగతి సరే. టేపెందుకు మార్చలేదు? రేపు ఇంకొకడొచ్చి ఇలాగే చెయ్యడా? సీనియర్‌కి ఫోన్ చెయ్యాలన్న పద్ధతి నీకు తెలీదా? చేశావా లేదా?"

నా చెయ్యి తనంతట తనే జేబులోని ఫోన్ మీదికి పోయింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. వాడు చేసిన కాల్స్ అన్నీ, నేనెత్తనివన్నీ, అందులో ఎర్రగా ఉన్నాయి. వాడు నా చెయ్యి చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"లేదు సార్. మర్చిపోయాను" అన్నాడు.

'చేశాడు సార్, నేనే ఎత్తలేదు' అనడానికి ఎంతసేపు పడుతుంది? గొంతు దాకా వచ్చింది. మేనేజర్ నా వైపు తిరిగి, "మీ కన్ను చురుకైంది. టేపు తేడా కనీసం మీరు చూశారు" అన్నాడు. నేను తల వంచుకుని స్పానర్లు సంచిలో సర్దుకున్నాను.

బయట మెట్ల మీద వాణ్ణి పట్టుకున్నాను. "అబద్ధమెందుకు చెప్పావు?"

"మీరింక ఎక్కలేరు అన్నయ్యా. మొన్న అత్తయ్యగారింట్లో కుర్చీలోంచి లేవడానికే బల్ల పట్టుకున్నారు. నేనెక్కగలను. ఇన్‌ఛార్జి కుర్చీకి నాకు తొందరేముంది?" అన్నాడు. అని, నా చేతిలో సామాన్ల సంచి అందుకున్నాడు. అడక్కుండానే.

వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఎగతాళి చేసినా సరిపోయేది. పుండు మీద కారం చల్లేవాణ్ణి తట్టుకోవచ్చు, మందు రాసేవాణ్ణి తట్టుకోవడం నా వల్ల కాలేదు.

కుర్చీ నాకే వచ్చింది. ఆ వార్త ఇంట్లో నేను చెప్పకముందే అత్తగారు ఫోన్ చేసింది. "చిన్నబాబు చెప్పాడు బాబూ, వాడి సంతోషం చూడాలి! తనకే వచ్చినట్టు గంతులేశాడు. ఎంత మంచి మనసో!" మా ఆవిడ పక్కనే నిలబడి నా మొహం చూస్తోంది. "కుర్చీ వచ్చింది కదండీ, ఇంకా మంటేంటి?" అంది. దేనికని చెప్పను? వాడి టవర్లు, వాడి మోకాళ్ళు, అత్తగారి పొగడ్తలు, ఇవన్నీ వదిలేశాను. ఆ గదిలో 'మర్చిపోయాను' అన్నాడే, అలా అనగలిగే గుండె వాడికిచ్చి నాకివ్వలేదెందుకు? నా మంట ఇప్పుడు దానికి.

కొత్త బల్ల దగ్గర కూర్చున్న మొదటిరోజు ఫోన్ మోగింది. వాడే. మొదటి మోతకే ఎత్తాను.

"అన్నయ్యా, అత్తయ్యగారి వీధి టవర్ పైనున్నాను. ఇక్కడ పసుపు టేపు విప్పి నీలం, నీలం విప్పి పసుపు చుట్టేద్దామని. చుట్టమంటారా?"

"చుట్టు" అన్నాను.

"సరే అన్నయ్యా. ఇంకేమైనా చెప్పాలా?"

చెప్పాల్సింది ఉంది. వాడు ఆగాడు, నేనూ ఆగాను. వాడి వెనక గాలి హోరు, తాడు ఇనపకమ్మీకి తగులుతున్న చప్పుడు, వాడి ఊపిరి, అన్నీ వినబడుతున్నాయి. వాడు బిగించిన యాంటెన్నాయే కదా, ఒక్క గురగుర కూడా లేదు. సిగ్నల్ లేదని తప్పించుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

"జాగ్రత్తగా దిగు" అని పెట్టేశాను.