మేనమామ ఒళ్లె

నా పేరు లలితమ్మ. గద్వాలల జాకెట్లు కుట్టుకోని బతుకుత. నాకు నోరు జాస్తి అని గల్లీ అంత అంటరు. అననీ. నోరు లేకుంటె ఈ గల్లీల ఒంటరి ఆడిదాన్ని బతకనిస్తరా?

రామన్న గట్టు మండలంల పెద్ద లీడరు. ఊర్ల ఆయనకు పెండ్లాం, ఇద్దరు కొడుకులు ఉన్నరు. అది తెలిసే ఆయనతోని ఉన్న, దాచుడెందుకు. గుళ్లె పుస్తె కట్టిండు, గద్వాలల కిరాయిల్లు పట్టిచ్చిండు. మాకొక బిడ్డ, జమున. మా గద్వాల దేవత జమ్ములమ్మ పేరు మీద ఆయనే పెట్టిండు ఆ పేరు. వారంల రెండుసార్లు వస్తుండె. ఆయన వస్తె ఇది మెడకు ఏలాడి దిగకపోతుండె. దానికి ఆయనంటె ఎంత పిచ్చో, ఆయనకు గూడ అదంటె అంతే పిచ్చి. అది మాత్రం అబద్ధం కాదు.

జరిగినదాంట్ల మొదటి తప్పు నాదే. బడిల పిల్లలు మీ నాయిన ఎట్లుంటడు అని అడిగిన్రంట. మనకు ఫొటో లేదా అమ్మా అన్నది జమున. ఇగ నేను ఆయన పానం తీసిన. గద్వాలలయితే ఎవడన్న చూస్తడని నాగర్‌కర్నూలు దాంక పోయినం, బస్సుల ఆయనొక కాడ, మేమొక కాడ కూసోని. సుభాన్ అనేటాయన స్టూడియోల దిగినం. జమునను ఒళ్లె కూసోబెట్టుకోని ఆయన, ఎనక నేను. సుభాన్‌కు మేమెవరమో తెల్వదు. పిల్ల నవ్వు మంచిగుందని ఆ ఫొటో పెద్దగ చేసి స్టూడియో ముందల అద్దంల పెట్టిండు. పాపం, ఆయనదేం తప్పు.

అది రెండువేల ఆరు. జెడ్పీటీసీ ఎలక్షన్లు దగ్గరికొచ్చినయి, టికెట్టు రామన్నకే అంటున్నరు. ఎదుటి పార్టీ వాడొకడు పనిమీద నాగర్‌కర్నూలు పోయి ఆ అద్దంల చూసిండు. నాలుగొద్దులకు పేపర్ల జిల్లా పేజీల మా ముగ్గురి ఫొటో. కింద పెద్ద అక్షరాలు: ఈ పాప ఎవరు?

రామన్న రాలె. ఎంట తిరిగే ఇస్రాయేలు వచ్చిండు. నిన్నటిదాంక వదినా అనెటోడు, ఆ పొద్దు అక్కా అన్నడు.

"అన్న పేపరోల్లకు చెప్పిండక్కా. నువ్వు ఆయన చిన్నాయిన బిడ్డవంట, చెల్లె వరుస. మేనకోడలిని ఒళ్లె పెట్టుకోని ఫొటో దిగితె తప్పా అని అడిగిండు. నీ పెనిమిటి బొంబాయికి వలస పోయిండని గూడ చెప్పిండు."

"ఎవడు రా నా పెనిమిటి? వాని పేరేంది? పేరు గూడ మీ అన్ననే పెట్టిండా?" కత్తెర చేతులనే ఉండె. ఇస్రాయేలు గడప దిగి నిలవడ్డడు.

తెల్లారి ఆయనే వచ్చిండు. వచ్చి నా కాళ్లకాడ కూసోని ఏడ్చిండు. అంత మనిషి ఏడుస్తుంటె నా కోపం యాడికి పోయిందో.

"ఎలక్షన్లు కానీ లలితా. గెలిచినంక నేనే చెప్త, ఇది నా బిడ్డ అని. జర ఓపిక పట్టు. జమునకు చెవులు కుట్టియ్యలె గద. మంగళారం జమ్ములమ్మ గుడికాడ కుట్టిద్దాం. పేపరోల్లను పిలుస్త."

నాకు అన్నదమ్ములు లేరు. చెవులు కుట్టేటప్పుడు పిల్లను మేనమామ ఒళ్లె కూసోబెట్టాలె. ఎవరు దొరకలేదని రెండేండ్ల సంది వాయిదా ఏసుకుంట వస్తున్నం. ఇప్పుడు కన్నతండ్రే మేనమామ అయితనంటుండు. సరే అన్న. నమ్మిన. ఇప్పుడు తలుసుకుంటె నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తది.

జమునకు అయిదేండ్లు. ఆయనను మామా అని పిలువాలె అంటె ఆట అనుకున్నది, పడి పడి నవ్వింది. మామా అంటది, మల్ల వెంటనే నాయినా అంటది. నాకు బుగులు వట్టింది.

"నాయిన అన్నవనుకో, అందరు కలిసి నాయినను కొడ్తరు బిడ్డా" అన్న. నా నోటితోనే అన్న. దాని నవ్వు ఆగిపోయింది. మల్ల తప్పు పలుకలె.

మంగళారం గుడికాడ పేపరోల్లు ఆరుగురు, కేబుల్ టీవోడు ఒకడు. చెల్లెకు పెడుతున్నట్టు ఆయన నాకు కొత్త చీర పెట్టిండు. ఫొటోలు తీసిన్రు. జమున ఆయన ఒళ్లె కూసున్నది, నోట్లె బెల్లం ముక్క.

"ఈయన నీకేమైతడు పాపా?" ఒకడు అడిగిండు.

"మామ."

చెవులు కుట్టనీకె వచ్చిన అవుసలి ఎల్లయ్య బంగారు తీగ మొన చూసుకోని కుడిచెవి పట్టిండు. అప్పుడు నా మనసుల ఏముండెనో చెప్పనా? నొప్పికి నాయినా అని అరవాలె అని ఉండె. అంతమంది ముందల అరవాలె. టికెట్టు పోనీ, పరువు పోనీ, నా బిడ్డకు నాయిన దొరుకుతడు. అమ్మా జమ్ములమ్మా, ఒక్క మాట, ఒక్కటే మాట అని మొక్కిన.

తీగ దిగింది. పిల్ల గిలగిల కొట్టుకున్నది. ఆయన అంగీ రెండు చేతుల్ల పట్టుకోని ఏడ్చింది.

"మామా! నొస్తుంది మామా!"

ఆయన ఊపిరి ఇడిసిండు. నేను చూసిన. బిడ్డ చెవి నుంచి నెత్తురు కారుతుంటె ఆయన మొహం తేలికయింది. ఆరేండ్లు కాపురం చేసిన, గా మనిషి ఎవరో నాకు గప్పుడే తెలిసింది.

రెండో చెవి కుట్టేటప్పుడు జమున ఏడ్వలె. పండ్లు గట్టిగ బిగవట్టింది. నా దిక్కు చూడలె, చెవి పట్టిన ఎల్లయ్య దిక్కు చూడలె. కండ్లనిండ నీళ్లతోని ఆయన మొహమే చూస్తున్నది, సరిగ్గ అన్ననా, నిన్ను కొట్టరు గద అన్నట్టు.

"శభాష్ కోడలా" అని దాని నెత్తి నిమిరి ఆయన కెమెరాల దిక్కు తిరిగిండు.