ఆకురాయి గీతలు

రాజురా బొంబాయి రాష్ట్రంలో కలిసిన మరుసటి ఏడు, 1957. చంద్రపూర్‌ పేరు అప్పటికి ఇంకా చాందాయే.

సారక్క కొంగుముడి విప్పి, ఇత్తడి బిళ్లను బల్ల మీద పెట్టింది. ఎదురుగా ఉన్న రామనాథం పటాలం స్టోరులో పాతికేళ్లు పనిచేసినవాడు. సిపాయిల టోపీ బిళ్ల చూపిస్తే ఏ పటాలానిదో, ఏ కాలానిదో చెప్పేస్తాడు. వాటిని పోగుచేసే నాగపూర్ షావుకార్లు ఆయన సరేనంటేనే కొంటారు.

"నా మొగడు సిపాయి. ఇది ఎప్పటిదో చెప్పు పంతులూ. గంతే."

"ఇంగ్లీషు రాజు కిరీటముంటే యాభైకి ముందుది. అశోకుడి సింహాలుంటే తర్వాతది."

వడ్రంగి పని చేసే సారక్క భర్త రాజలింగు నలభై మూడులో పటాలంలో చేరాడు. రెండేళ్లకు బర్మాలో చనిపోయాడని కాగితం వచ్చింది. మొన్న దసరాకు, ఆమె చాందా పక్కనే ఉన్న లాల్‌పేట్ గని దగ్గర బొగ్గు ఎత్తుతుండగా, కుంటుతూ ఎవరో ఇంటికొచ్చి ఈ బిళ్ల ఇచ్చి వెళ్లాడు. పక్కింటి నర్సక్క తీసుకుంది. అతను పటాలానికి వెళ్లాకే పక్కింటికి వచ్చిన ఆమె రాజలింగును ఎన్నడూ చూడలేదు.

కిరీటమైతే, చనిపోయినవాడి గుర్తును తోటి సిపాయి ఎవరో తెచ్చినట్టే. సింహాలైతే?

రామనాథం భూతద్దం పెట్టి మొహం చిట్లించాడు. బిళ్ల నెత్తి నున్నగా ఉంది.

"దీన్నేం జేసినవ్?"

"దేవునర్రల పెట్టిన. శనివారం శనివారం చింతపండుతోని తోమిన."

"నీ భక్తి సల్లగుండ! చెంబనుకున్నవా?"

సారక్క బిళ్ల నెత్తిని వేలితో తడిమింది. ఉన్న ఒక్క ఆనవాలునూ తన చేతులతోనే చెరిపేసుకుందా?

ఆయన బిళ్ల మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దాడు. కింద ఆకుల తీగ తేలింది. పైన మాత్రం ఏటవాలు గీతలు. ఆయన చటుక్కున నిటారుగా కూర్చున్నాడు.

"ఆగు. చింతపండుతో అంతా ఒక్కతీరుగ అరుగుతది. ఇది ఆకురాయి పని. కిరీటాన్ని ఎవడో కావాల్ననే రాకిండు."

"ఎందుకు?"

"యాభైల గణతంత్రం అయినంక కిరీటం వద్దన్నరు. మా స్టోరుకు కొత్త బిళ్లలు రాలే. ఆగలేక కొందరు సిపాయిలు వాళ్లే రాక్కున్నరు."

"అంటే..."

"ఇది పెట్టుకున్నోడు యాభై దాక బతికున్నడు. వాడు నీ మొగడేనని ఇత్తడి చెప్పదమ్మా." ఆయన మళ్లీ కాగితం చూశాడు. "ఎవడోగాని, గీతలన్నీ ఉల్టా ఉన్నయ్. ఎడమచేతి వాటం."

సారక్క ఆ కాగితాన్ని లాక్కుంది. రంపం పళ్లకు ఆకురాయి పట్టేటప్పుడు, మోచేయి తగలకూడదని రాజలింగు ఆమెను ఎప్పుడూ తన కుడిపక్కనే కూర్చోబెట్టుకునేవాడు.

చాందా నుంచి లాల్‌పేట్‌లోని ఇంటిదాకా ఆమె పరుగులాంటి నడకతో వచ్చింది.

"నర్సక్కా! గా మనిషి నిన్ను ఏమడిగిండు?"

"సారక్క మొగడేడీ అన్నడు. బర్మాల సచ్చిండు, దినాలు గూడ జేసినం, గారెలు నేనే కాల్చిన అని చెప్పిన. ఏందో నవ్విండు. నీళ్లు దాగి లేసిపోయిండు."

సారక్క బిళ్లను మళ్లీ దేవుడి గదిలో పెట్టకుండా, తలుపు పక్కన గోడకు మేకు కొట్టి తగిలించింది. మనిషి లోపలికి వస్తూ టోపీ తగిలించేటంత ఎత్తులో.

"మళ్లొస్తే కూసోబెట్టు నర్సక్కా. సచ్చిండని చెప్పకు."

"అయ్యో, గట్లనే. నీళ్లన్న ఇయ్యాల్నా?"

"ఇయ్యకు," అంది సారక్క. "దాగితే లేసిపోతడు. నేనొచ్చి ఇస్త."