స్లావ రోజు మ్యాచ్

శుక్రవారం సాయంత్రానికి నూట నలభై సార్మాలు చుట్టాను. పులిసిన క్యాబేజీ ఆకులో మాంసం, బియ్యం పెట్టి చుట్టడం పెద్ద విద్యేం కాదు. నిలబడాలి, అంతే. నా కుడి మోకాలు దానికి ఒప్పుకోలేదు. వచ్చే గురువారం దానికి ఆపరేషన్, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో ఆ తర్వాత ఆట ఉండదు. అంటే శనివారం మా ఊరు చాచాక్‌లో ఆడితే అదే నా చివరి మ్యాచ్. పంతొమ్మిది పాయింట్లు వేస్తే మా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ నావే అవుతాయి. మ్యాచ్‌కి సగటున ఇరవై నాలుగు వేస్తాను నేను.

శనివారమే మా స్లావ. మా అంటే, నా భర్త వెలిమిర్ వాళ్ళది. ఇంటిని కాపాడే దేవదూత పండగ. తండ్రి నుంచి కొడుక్కి పండగ వస్తుంది, కోడలికి వంట వస్తుంది. పిలవకుండానే జనం వస్తారు గనుక ఎందరికి వండాలో ఎవరూ చెప్పలేరు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ తేదీన మ్యాచ్ పడిన మూడుసార్లూ మానేశాను. కోచ్ ఏమీ అనలేదు. ఆయనకూ ఒక స్లావ ఉంది, దానికి ఆయన భార్య ఉంది.

వెలిమిర్ చెడ్డవాడు కాదు. పెళ్ళికి ముందు నా మ్యాచ్‌లకొచ్చి డప్పు వాయించేవాడు. ఇప్పుడు నేను సూపు గిన్నె మోసుకొస్తుంటే నా పాయింట్లు చుట్టాలకి ఏకరువు పెడతాడు. నేను ముప్ఫై ఎనిమిది వేసిన రోజున ఒక విలేకరి, ఇంటికెళ్ళి మీ ఆయనకేం వండుతారని అడిగాడు. నవ్వి, చిక్కుడుగింజల కూర అన్నాను. మర్నాడు పేపర్లో అదే శీర్షిక. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

శనివారం సంగతి ఎత్తితే వెలిమిర్, "ఏడాదికొక్క రోజే కదా నెవెనా నేనడిగేది," అన్నాడు. అత్తగారు గిన్నె మీంచి తల ఎత్తలేదు. "కోర్టులో రెండు గంటలు గెంతుతావు, చుట్టాల ముందు నిలబడలేవా అమ్మాయ్?" అంది. వెళ్తానని అనలేదు, మానేస్తానని కూడా అనలేదు. అది నా పిరికితనమే.

శనివారం పదింటికి పాదిరీ వచ్చి పండగ రొట్టెని దీవించి, కోసి వెళ్ళాడు. మ్యాచ్ అయిదింటికి, మూడున్నరకల్లా స్టేడియంలో ఉండాలి. మూడింటికి ఇంట్లో ఇరవై ఆరుగురు. స్లావ నాడు ఇంటి యజమాని కూర్చోకూడదు, అతిథుల ముందు నిలబడే ఉండాలి. వెలిమిర్ నడుం నొప్పని ఒంటిగంటకే కూలబడ్డాడు. ఎవరూ పట్టించుకోలేదు. నేను కుర్చీకి ఆనుకుంటే మాత్రం అత్తగారు చూసింది.

నా బదులు ఎవరాడుతున్నారని వెలిమిర్ మేనమామ అడిగాడు.

"ఎవరో కొత్తమ్మాయి. మనావిడ రికార్డు వచ్చే వారం కొడుతుందిలే మావయ్యా," అన్నాడు వెలిమిర్.

వచ్చే వారం. డాక్టరు దగ్గరికి నాతో వచ్చింది తనే. గురువారం ఆపరేషన్ అన్న మాట తన ఎదుటే అన్నాడాయన. నాకు కోపం రాలేదు. చాలా బాధేసింది.

చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టి, గదిలోకెళ్ళి ట్రాక్‌సూట్ వేసుకున్నాను. బూట్ల సంచి భుజానికి తగిలించి హాల్లోకి వచ్చాను. గుమ్మం పక్కన బల్ల మీద ఉడికించిన గోధుమల ప్రసాదం పళ్ళెంలో ఉంది. వచ్చిన ప్రతివాళ్ళూ శిలువ గుర్తు వేసుకుని, ఒక చెంచా తిని, ఆ చెంచాని నీళ్ళ గ్లాసులో వేసి, యజమానిని పలకరిస్తారు. ఆపైన ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చు, అడ్డు చెప్పడం మర్యాద కాదు. పదకొండేళ్ళూ ఆ పళ్ళెం నేనే అందించాను. ఇప్పుడు శిలువ గుర్తు వేసుకుని, ఒక చెంచా తిని, చెంచాని గ్లాసులో వేశాను. వెలిమిర్ ముందుకెళ్ళి నిలబడ్డాను.

"స్లావ శుభాకాంక్షలు. వంట చాలా బాగుంది. ఇక వస్తాను."

పొద్దుట్నుంచీ అందరికీ చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయిందేమో, వెలిమిర్ గబుక్కున లేచి నిలబడి, "మా ఇంటికి వచ్చినందుకు సంతోషమండీ," అన్నాడు.