నా వీపు మీది పేరు

నేను ఒక కంచు నక్షత్రాన్ని. ఆకాశంలో ఉండేదాన్ని కాదు, చొక్కా మీద ఉండేదాన్ని. డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు సముద్రం మీద ఓడల్లో పనిచేసినవాళ్ల కోసం నన్ను పోతపోశారు. నా రిబ్బను చారలు చూస్తే ఏ యుద్ధమో తెలుస్తుంది. మనిషెవరో తెలియాలంటే మాత్రం నన్ను తిరగెయ్యాలి. నా వీపు మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు చెక్కి ఉంది. గరికిన దానయ్య.

ఆ దానయ్యను నేను చూడలేదు. ఓడ అడుగున బాయిలరు గదిలో పనిచేసి, ఛాతీ జబ్బుతో విశాఖపట్నంలోని తన వీధికి తిరిగొచ్చి, నేను తయారై వచ్చేలోపే పోయాడట. వీధిలోవాళ్లు అతను ఓడలో గరిట తిప్పాడు తప్ప యుద్ధమేమీ చూడలేదని నవ్వుకునేవారట. పతకం వస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయని అతని తల్లి నా కోసం రోజూ తపాలా జవాను దారి కాసేది.

నేను వచ్చాను. కానీ తపాలాలో రాలేదు. దానయ్య వీధివాడే, ఎల్లాజీ అని, ఒడ్డున గోదాములో పనిచేసే నావికుడు. "మీ వీధేగా, వాళ్లమ్మకిచ్చెయ్" అంటూ గుమాస్తా నన్ను అతని చేతిలో పెట్టాడు. ఎల్లాజీకీ ఒక పతకం ఉంది, గుండ్రంది. ఒడ్డున ఉన్నా నీళ్ల మీద ఉన్నా అప్పట్లో ఉద్యోగంలో ఉన్న అందరికీ ఇచ్చింది. ఆ వారమే అతని పెళ్లి. పెళ్లికూతురి పక్కన నిలబడి తీయించుకునే ఒక్క ఫోటో కోసం నన్ను కూడా గుండెకి తగిలించుకున్నాడు. మర్నాడు ఇచ్చేద్దామనే అనుకున్నాడు, పాపం. కానీ ఆ ఫోటో గోడెక్కింది, చూడవచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. ఇక నన్నెలా ఇస్తాడు? మనుషులు మొదట పడేది చీలమండ లోతు గుంటలోనే. ఆపైన తవ్వుకునేది వాళ్లే.

నన్ను ముఖమల్ గుడ్డ మీద కుట్టి, అద్దం బిగించి, గోడకి వేలాడదీశాడు. నా వీపు చెక్కకి, ముఖం జనానికి. యాభై ఏళ్లు. దానయ్య తల్లి పోయింది. చెల్లెలు కాసులమ్మ అదే వీధిలో చేపలమ్ముకుంటూ ముసలిదైంది. తన అన్న కూడా యుద్ధానికి వెళ్లాడని ఆమె అన్నప్పుడల్లా ఎల్లాజీ నవ్వేవాడు. "ఎల్లకేటి. గరిట భుజానేసుకోని ఎల్లాడు" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆమె తట్ట ఎత్తుకుని వెళ్లిపోయేది. గోడ మీద నేను మెరుస్తూనే ఉండేదాన్ని.

ఎల్లాజీ మనవరాలు నూకరత్నం. తల్లి లేని పిల్ల. తాత పెంచాడు, కాసులమ్మ ముళ్లు తీసి చేప తినిపించింది. ఏడో తరగతిలో చదువు మానిపించారు, ఆ తర్వాత పెళ్లి. ఇప్పుడు రత్నం కూతురు లిఖితకి ఏడేళ్లు. నౌకాదళ దినోత్సవానికి బడిలో ముత్తాత పతకం పెట్టుకుని నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. పిల్ల తడబడితే తల్లికి చదువు లేదు కదా అంటారని రత్నానికి బెంగ. కనీసం పతకమైనా తళతళలాడాలని అద్దం విప్పి, కుట్లు కోసి, ఇత్తడి చెంబుకి పట్టించినట్టే నాకూ చింతపండు పట్టించింది. ముందు తోమింది. తిరగేసి తోమింది. చెయ్యి ఆగిపోయింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది.

"తాతా, ఇది కాసులు మామ్మ వాళ్లన్నది కదా?"

ఎల్లాజీ టీ గ్లాసు కింద పెట్టాడు. అబద్ధం వెతుక్కున్నాడు, దొరకలేదు.

"ఆ ముసల్దానికి సదువొచ్చా ఏటి? గుడ్డతో తుడిసీసి, మళ్లీ అద్దంలో పెట్టీ."

"రేపు పిల్ల అందరిముందూ ఏటని సెప్పాలి?"

"రోజూ నేనేటి సెప్తన్నానో అదే."

 రత్నం తనకి నడక నేర్పిన మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత నన్ను చెంగులో చుట్టుకుని బయల్దేరింది.

కాసులమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. రత్నం అక్షరాల మీద ఆమె వేలు నడిపిస్తూ పేరు చదివింది. ఆమె ఏడవలేదు. వేలు మాత్రం నా మీంచి తియ్యలేదు.

"ఇన్నాళ్లూ ఎక్కడుందే ఇది?"

"మా ఇంట్లోనే మామ్మా. గోడకి."

"మా అమ్మ పాడె మోసింది మీ తాతే గదే" అంది కాసులమ్మ నెమ్మదిగా. "దగ్గిరుండి మోసేడు. దారంతా ఏడిసేడు కూడాను."

రత్నం నన్ను ఆ చేతిలోనే వదిలి లేచింది. మర్నాడు బడికి వెళ్లి, పిల్ల మాట్లాడదని టీచరుకి చెప్పి వచ్చింది.

ఇప్పుడు నేను కాసులమ్మ రొండినే ఉంటాను. ఎవరైనా అడిగితే తీసి వీపు చూపిస్తుంది. వీధి చివరి వరకూ చేపలమ్ముతూ ఆమె వేసే కేక వినిపిస్తుంది. ఎల్లాజీ ఇంటి దగ్గరకి రాగానే కేక ఆగుతుంది. అడుగులు ఆగవు. గుమ్మంలో రత్నం చేపల కోసం ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉంటుంది. నిజం చెప్పింది రత్నమేనని, ఒక్క క్షణం ఆగమని నాకు అనాలని ఉంటుంది. కానీ ఆ నడక నాది కాదు.