పై కొమ్మల కాపు

గోవిందప్ప పొడుగాటి దోటి కొనకు ఇనుప కొక్కెం బిగించి, తుండుగుడ్డ నడుముకు చుట్టుకుని, చింతచెట్టు బోదె మీద కాలు పెట్టాడు. శివరాత్రి దాటిన ఎండకు అప్పుడే బండలు కాగుతున్నాయి. రాలిన కాయల్ని వంటమనిషి చెంగమ్మ గంపలోకి ఏరుతోంది.

పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో ఉంది ఆ అనాథ పిల్లల హాస్టలు. దానికి మూలధనమంటే ఈ చింతతోపే. పిల్లలు లేని శారదమ్మ పోతూ పోతూ తోపును హాస్టలుకు రాసిచ్చింది. “కాపు అమ్మి పిల్లోళ్లకు పెట్టండి, చెట్టు మీద గొడ్డలి పడనీయద్దండి” అని ఆమె అన్న మాట మాత్రం కాగితంలోకి ఎక్కలేదు. మంచం పక్కన నిలబడిన జీతగాడు గోవిందప్ప చెవిలోనే ఉండిపోయింది.

ఆనాటి నుంచి అతను తోపుకు కాపలా. అరచేతులు చింతపులుపుకు నల్లబడి, మోకాళ్ల మీద చర్మం బెరడులా బిరుసెక్కింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఒక్కొక్కరే పోయారు. అందరిలా కర్రతో కొమ్మలను బాదడు. బాదితే వచ్చే ఏటి చిగురు పోతుందని, దోటితో కొమ్మ వంచి దులుపుతాడు. చూసినవాళ్లు “కొత్త కోడలికి తల దువ్వతాండాడు” అని నవ్వేవాళ్లు.

కొన్నేళ్లుగా వానల్లేవు. బియ్యం, రాగులు పంపే రైతులే ఊళ్లు వదిలిపోతున్నారు. పిల్లలకు ఒంటిపూట సంగటి. ఆ పూట హాస్టలు సెక్రెటరీ సుబ్రహ్మణ్యం, ఇటుకబట్టీ బాబు సాహెబును వెంటబెట్టుకుని తోపులోకి వచ్చాడు. సాహెబు ఒక చెట్టును రెండు చేతులతో కావలించుకుని లావు చూశాడు. గోవిందప్పకు అర్థమైంది. చెట్టు దిగాడు.

“ఈ తూరి కాపు అమ్మిన డబ్బు వానలదాకా సరిపోదు గోవిందప్పా. చెట్లు అమ్మితే బియ్యం కొట్టు నిండుతుంది. తర్వాత మొక్కలు నాటుకుందాం,” అన్నాడు సుబ్రహ్మణ్యం, నేల చూస్తూ.

“నాటిన సింత కాసేలోపల ఈ పిల్లోళ్లు తాతలైపోతారు సార్. కాయ ఈడ ఉండే పిల్లోళ్లది. చెట్టు ఇంకా రావాల్సినోళ్లది.”

బాబు సాహెబు నవ్వాడు. “బాగానే సెప్పినావప్పా. ఆకలికి తాతెవరు, మనవడెవరు?”

పొద్దున గిన్నె నాకిన పిల్లల్ని గోవిందప్ప కూడా చూశాడు. తలెత్తాడు. మోకాళ్లు మొండికేసినప్పటి నుంచి పై కొమ్మలను చిలకలకు వదిలేశాడు. అక్కడ కాయ గుత్తులు గుత్తులుగా వేలాడుతోంది.

“పైనుండేది దించితే వానలదాకా వస్తాదా సార్?”

సుబ్రహ్మణ్యం పైకి చూశాడు. “వస్తే చెట్లు కొట్టాలని నాకు మాత్రం ఎందుకుంటుంది? ఎక్కేదెవరు?”

“సాయంత్రందాకా సాయిబును ఉండమనండి.”

చెంగమ్మ గంప దించేసింది. “వద్దు గోవిందన్నా. సంగటి కుండకాడికి నడిసేదానికే నీ మోకాళ్లు ఏడస్తాండాయి.”

“ఏడవనీలే. నువ్వు గంపలు తీసుకురాపో.”

ఒక్కో చెట్టే ఎక్కాడు. కొమ్మ చివర పొట్ట ఆనించి పాకాడు. కింద నుంచి చెంగమ్మకు అతని మడమలు మాత్రమే కనబడేవి. నడుమ నీళ్లకని దిగినప్పుడు ముంత ఎత్తి తాగి, వెంటనే మళ్లీ ఎక్కాడు. పొద్దు వాలేసరికి కాయ రాశి నడుమెత్తు లేచింది.

బాబు సాహెబు ఒక కాయ విరిచి నోట్లో వేసుకున్నాడు. “కండ బాగుండాది సార్. నాకు కట్టె యాడైనా దొరుకుతాది,” అని సైకిలెక్కాడు. సుబ్రహ్మణ్యం ఆపలేదు.

చివరి చెట్టు మీద గోవిందప్పకు దోటి మోసే సత్తువ లేకపోయింది. దాన్ని పై కొమ్మకు తగిలించి, “రేపు దించుకుంటాలే” అని, చేతులతో కొమ్మా కొమ్మా పట్టుకుని దిగాడు. బోదెకు వీపు ఆనించి కూర్చున్నాడు.

చెంగమ్మ సంగటి ముద్ద, పచ్చిపులుసు తెచ్చి పక్కన పెట్టింది. “తినన్నా, సల్లారిపోతాది,” అంది. మళ్లీ అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది. అతని కళ్లు సగం తెరుచుకుని పైకి చూస్తున్నాయి.

ఆ కాయ వానలదాకా వచ్చింది. గొడ్డలి రాలేదు. మరుసటి ఏడు కాపుకు వచ్చిన కుర్రకూలీలు “అంత ఎత్తుకు మేం ఎక్కం” అన్నారు. దోటి పై కొమ్మకు తగిలించినట్టే ఉంది. దాని కొక్కెం పక్కనే కొమ్మ చిగురు వేసింది.